రీకాల్ కబురు మన ఇంటిదాకా వస్తుందా?



ఏడో తరగతి ఇంగ్లిష్ పీరియడ్‌లో మొదటి ఐదు నిమిషాలు "రీకాల్"కు కేటాయిస్తాం. నిన్నటి పాఠంలో ఏమేం గుర్తున్నాయో పిల్లలు పుస్తకం మూసి చెప్పాలి. కిందటి నెలలో ఒక బాబు పేపర్ కటింగ్ పట్టుకొచ్చాడు. ఒక కంపెనీ తన కార్లను రీకాల్ చేస్తోందని అందులో ఉంది. "మేడమ్, కార్లని గుర్తు చేసుకోవడమేంటి?" అని అడిగాడు. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను.

ఆ మాటకున్న రెండో అర్థం అప్పుడు బోర్డు మీద రాశాను: వెనక్కి పిలవడం. అమ్మేసిన వస్తువులో ప్రమాదం ఉందని తెలిశాక, "వాడటం ఆపండి, మా దగ్గరికి తీసుకురండి" అని కొన్నవాళ్లను కంపెనీ పిలుస్తుంది. అదే రీకాల్. వెంటనే వెనక బెంచీ నుంచి ఒక పాప లేచింది. "మరి ఆ కారు వేరేవాళ్లకి అమ్మేసి ఉంటే వాళ్లకెలా తెలుస్తుంది మేడమ్?"

కారుకైతే జవాబు సులువు. నంబర్ ప్లేటు ఉంటుంది, ఆర్‌సీ ఉంటుంది. ఎవరి చేతికి మారినా ఆర్టీఏ ఆఫీసులో పేరు ఉంటుంది. మరి బొమ్మకు? కుక్కర్‌కు? పెద్దబాబు నుంచి చిన్నబాబుకు, అక్కడి నుంచి పిన్ని కూతురికి వెళ్లిన పాకే పిల్లల కుర్చీకి? ఆ పాప ప్రశ్నకు క్లాసులో పూర్తిగా జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబే ఈ నెల వ్యాసం.

రీకాల్‌లో ఏం జరుగుతుంది?

వస్తువు ప్రమాదకరం కావడానికి సాధారణంగా మూడు కారణాలు ఉంటాయి. డిజైన్‌లోనే లోపం ఉండొచ్చు. డిజైన్ బాగున్నా ఒక బ్యాచ్ తయారీలో తేడా వచ్చి ఉండొచ్చు. లేదా ప్రభుత్వం పెట్టిన ప్రమాణం పాటించకుండానే మార్కెట్లోకి వచ్చి ఉండొచ్చు. లోపం బయటపడ్డాక కంపెనీ తనంతట తానుగానో, ప్రభుత్వం చెబితేనో రీకాల్ ప్రకటిస్తుంది. వస్తువును బట్టి డబ్బు వాపసు ఇస్తారు, కొత్తది ఇస్తారు, లేదా ఉచితంగా బాగుచేస్తారు.

2007లో మాటెల్ అనే పెద్ద బొమ్మల కంపెనీ లక్షల బొమ్మలను వెనక్కి పిలిచింది. కొన్నింటి రంగుల్లో సీసం ఉంది, మరికొన్నింటిలోంచి చిన్న అయస్కాంతాలు ఊడి వస్తున్నాయి. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఆ మరుసటి ఏడాది, 2008లో, అమెరికా కొత్త చట్టం తెచ్చింది. పిల్లల వస్తువు ఏదైనా ఎక్కడ, ఎప్పుడు, ఏ బ్యాచ్‌లో తయారైందో తెలిపే గుర్తు దాని మీద ఉండాలంది. రీకాల్ అయిన వస్తువును తిరిగి అమ్మడం కూడా నేరమంది. ఆ సన్నటి అక్షరాల లేబుల్ విలువ నాకు మా ఇంట్లోనే తెలిసింది.

మా ఇంట్లో జరిగింది

మా అక్క డల్లాస్‌లో ఉంటుంది. తన రెండో కాన్పుకు సాయంగా అమ్మ వెళ్లి ఆరు నెలలు ఉండి వచ్చింది. వచ్చేటప్పుడు ఒక సూట్‌కేసు నిండా పెద్ద మనవడికి పొట్టివైన బట్టలు, వాడు ఆడటం మానేసిన బొమ్మలు తెచ్చింది. "అంత డబ్బు పోసి కొన్నవి, పారేస్తామా?" అన్నది అమ్మ మాట. వాటిలో అయస్కాంతాలతో అతుక్కునే ప్లాస్టిక్ పలకల సెట్టు విజయవాడలో మా అన్నయ్య కొడుక్కి చేరింది.

వాడికి మూడేళ్లప్పుడు ఒకరోజు పొద్దున్నే వదిన ఫోన్ చేసింది. ఒక పలక అంచు విడిపోయింది. ఆ పలకకు నాలుగు అంచుల్లో నాలుగు అయస్కాంతాలు ఉండాలి, మూడే కనిపిస్తున్నాయి. "నాలుగోది మింగావా నాన్నా అంటే ఒకసారి ఊఁ అంటున్నాడు, ఒకసారి ఊహూఁ అంటున్నాడు" అంది ఏడుస్తూ. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించారు. కడుపులో ఏమీ లేదు. ఇంటికొచ్చాక కూడా ఎవరికీ అన్నం సయించలేదు. సాయంత్రం అన్నయ్య టార్చి పట్టుకుని నేల మీద పడుకుని వెతికితే దొరికింది. ఇనుప బీరువా అడుగు అంచుకు అతుక్కుని ఉంది.

రాత్రి వీడియో కాల్‌లో అక్క ఆ పలక వెనకున్న నంబర్ చదవమంది. తన దగ్గర వెతికి చూసింది. ఆ బ్యాచ్‌ను కంపెనీ అప్పటికే పద్నాలుగు నెలల కిందట రీకాల్ చేసింది. అక్కకు మెయిల్ కూడా వచ్చింది. ఆఫర్ల మెయిళ్ల మధ్య తెరవకుండా ఉండిపోయింది. అక్క ఇంకో మాట అంది. "చూసి ఉన్నా, ఆ బొమ్మ ఇప్పుడు మా ఇంట్లో లేదు కదా అని డిలీట్ చేసేదాన్నేమో."

కంపెనీ కబురు పంపింది. అది కొన్న మనిషి మెయిల్‌కు వెళ్లింది. వస్తువు మాత్రం సముద్రాలు దాటి వేరే ఇంట్లో ఉంది.

కబురు వెళ్లినా వస్తువు కదలకపోతే

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. ఫిషర్ ప్రైస్ కంపెనీ 2009 నుంచి రాక్ ఎన్ ప్లే అనే వాలు పడకను పసిపిల్లల కోసం అమ్మింది. పిల్లలు అందులో బోర్లా తిరిగి, లేదా మెడ ముందుకు వాలి ఊపిరాడక చనిపోయిన ఘటనలు బయటపడ్డాయి. 2019 ఏప్రిల్‌లో సుమారు 47 లక్షల పడకలను రీకాల్ చేశారు. 2023 జనవరిలో అదే రీకాల్‌ను మళ్లీ ప్రకటించాల్సి వచ్చింది. అప్పటికి నమోదైన మరణాలు దాదాపు 100. వాటిలో కనీసం 8 మొదటి రీకాల్ ప్రకటన తర్వాత జరిగినవి. అందరూ హెచ్చరించాక కూడా ఆ పడకలు కొన్ని ఇళ్లలో వాడుకలోనే ఉన్నాయన్నమాట.

ఐకియా కథా ఇలాంటిదే. 2018 ఆగస్టులో ఈ సంస్థ మన దేశంలో తొలి స్టోరును హైదరాబాద్‌లోనే తెరిచింది కాబట్టి మనలో చాలామందికి పేరు పరిచయం. అంతకు రెండేళ్ల ముందు, 2016 జూన్‌లో, అమెరికాలో సుమారు 2 కోట్ల 90 లక్షల సొరుగుల బీరువాలను అది రీకాల్ చేసింది. గోడకు బిగించకపోతే అవి ముందుకు ఒరిగి పడుతున్నాయి. పిల్లలు కింది సొరుగు లాగి, మెట్టులా ఎక్కితే బరువంతా ముందుకు వస్తుంది. చిన్నపిల్లలు వాటి కింద పడి చనిపోయారు. కావాలంటే డబ్బు వాపసు, వద్దంటే గోడకు బిగించే కిట్టు ఉచితంగా ఇస్తామన్నారు. అయినా ఇంకో బిడ్డ చనిపోయాక, 2017 నవంబర్‌లో ఆ రీకాల్‌నూ మళ్లీ ప్రకటించారు.

ఇక్కడ మన ఇళ్ల సంగతి ఒకటి చెప్పుకోవాలి. అద్దె ఇంట్లో గోడకు మేకు కొడితే ఓనరు ఒప్పుకోరు. అందుకని సొరుగుల బీరువాతో వచ్చిన బిగించే పట్టీ డబ్బాలోనే ఉండిపోతుంది. దయచేసి ఓనరుతో ఒకసారి మాట్లాడండి, ఈ పేజీ చూపించండి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు రెండు చిన్న రంధ్రాలను పుట్టీతో పూడ్చి ఇవ్వొచ్చు. అందాకా బరువైనవి కింది సొరుగుల్లో పెట్టండి. టీవీ రిమోట్, చాక్లెట్ డబ్బా, బొమ్మలు ఆ బీరువా పైన పెట్టకండి. పిల్లలు ఎక్కేది వాటి కోసమే.

మన దగ్గర చట్టం ఏమంటోంది?

"ఇవన్నీ అమెరికాలో, మన దగ్గర ఎవరు పట్టించుకుంటారు?" అని కొందరు తల్లిదండ్రులు అంటుంటారు. మన దగ్గరా చట్టం ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద 2020 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఏర్పడింది. ప్రమాదకరమైన వస్తువులను వెనక్కి తీసుకోమని, కొన్నవాళ్లకు డబ్బు తిరిగి ఇవ్వమని ఆదేశించే అధికారం దానికి 20వ సెక్షన్ ఇచ్చింది.

2021 ఫిబ్రవరి 1 నుంచి ఇళ్లలో వాడే ప్రెషర్ కుక్కర్లకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. ఆ తర్వాత కూడా గుర్తులేని కుక్కర్లు ఆన్‌లైన్‌లో అమ్ముడయ్యాయి. 2022 ఆగస్టులో ఈ ప్రాధికార సంస్థ అమెజాన్‌కు లక్ష రూపాయల జరిమానా వేసింది. అలా అమ్ముడైన 2,265 కుక్కర్లను కొన్నవాళ్లందరికీ సమాచారం ఇవ్వాలని, కుక్కర్లు వెనక్కి తీసుకుని డబ్బు వాపసు చేయాలని ఆదేశించింది. ఆ ఆదేశంపై కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. మనం గమనించాల్సింది ఇంకొకటి. 2,265 అని లెక్కగా చెప్పగలిగారంటే, ప్రతి అమ్మకానికీ ఒక పేరు, ఒక ఫోన్ నంబర్ ఉండబట్టే. బజారులో బిల్లు లేకుండా కొన్న కుక్కర్‌కు ఆ ఆధారం ఉండదు.

బొమ్మల విషయానికి వస్తే, 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ గుర్తు ఉండాలి. మామూలు బొమ్మకు ఐఎస్ 9873, కరెంటుతోనో బ్యాటరీతోనో నడిచే బొమ్మకు ఐఎస్ 15644 ప్రమాణం వర్తిస్తుంది. 2023 జనవరిలో, నెల రోజుల దాడుల్లో 18,600 గుర్తులేని బొమ్మలను స్వాధీనం చేసుకున్నామని భారతీయ ప్రమాణాల సంస్థ, అంటే బీఐఎస్, ప్రకటించింది. వాటిలో ఏసీ మాల్స్‌లోని పెద్ద దుకాణాల సరుకూ ఉంది. ధర ఎక్కువైతే భద్రత ఎక్కువని అనుకోవడానికి లేదు.

కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మల మీద ఐఎస్‌ఐ గుర్తు లేదేమని ఒక నాన్నగారు పేరెంట్స్ మీటింగ్‌లో అడిగారు. భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకు, నమోదైన చేతివృత్తులవారు చేసిన బొమ్మలకు ఆ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. అవి మన గర్వం, తప్పకుండా కొనండి. అయితే మినహాయింపు అంటే పరీక్ష చేశారని అర్థం కాదు. కొలువులో పెట్టే రంగుల బొమ్మను పళ్లు వస్తున్న పసిబిడ్డ నోటికి అందనివ్వకండి.

ముందుగా చూడాల్సిన మూడు చిన్న వస్తువులు

అయస్కాంతాలు: ఒక్కటి మింగినా డాక్టరుకు చూపించాలి. రెండు మింగితే పేగు మడతల మధ్య ఒకదాన్నొకటి లాక్కుంటాయి. మధ్యలో చిక్కుకున్న పేగుకు రంధ్రం పడుతుంది. మొదట్లో మామూలు కడుపునొప్పిలానే ఉంటుంది.

బటన్ బ్యాటరీలు: సన్నటి రిమోట్లు, పాట పాడే గ్రీటింగ్ కార్డులు, దీపావళికి పెట్టే ఎల్‌ఈడీ దీపాలు, వెలిగే బొమ్మల్లో ఇవి ఉంటాయి. మింగితే ఆహారనాళంలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు. బలవంతంగా వాంతి చేయించకండి, ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకండి. సోమవారం చూద్దాంలే అనుకోకండి. నేరుగా ఆసుపత్రికి వెళ్లి "బటన్ బ్యాటరీ" అని మొదటి మాటగా చెప్పండి. బ్యాటరీ గదికి స్క్రూ ఉన్న వస్తువులే కొనండి.

నీళ్లలో ఉబ్బే రంగు గోళీలు: పిల్లలు జెల్లీ బాల్స్ అనో ఓర్బీజ్ అనో అంటారు. పొడిగా ఉన్నప్పుడు ఆవగింజంత, నీళ్లలో వేస్తే గోళీకాయంత. కడుపులోనూ అలాగే ఉబ్బి పేగుకు అడ్డుపడతాయి. ఎక్స్‌రేలో చాలాసార్లు కనిపించవు కూడా. 2023 సెప్టెంబర్‌లో అమెరికాలో ఇలాంటి కిట్లు సుమారు 52,000 రీకాల్ చేశారు. 10 నెలల పసిబిడ్డ ఒకరు చనిపోయారు. మీ పెద్ద పిల్లలు మా క్లాసులో బుద్ధిగానే ఉంటారు. ఇంట్లో పాకే తమ్ముడో చెల్లో ఉంటే మాత్రం ఈ గోళీలు ఇంటికి రాకపోవడమే మేలు.

ఇంట్లో మనం చేయగలిగింది

1. బిల్లు, లేబుల్ ఫొటో తీయండి. ఫోన్‌లో "ఇంటి వస్తువులు" అని ఒక ఆల్బమ్ పెట్టుకోండి. పిల్లల వస్తువు, వంటింటి వస్తువు, కరెంటు వస్తువు ఏది కొన్నా డబ్బా పారేసేలోపు బిల్లు, మోడల్ నంబర్, బ్యాచ్ నంబర్ ఫొటో తీయండి. రెండు నిమిషాల పని.

2. ఐఎస్‌ఐ గుర్తును నమ్మే ముందు సరిచూడండి. అసలు గుర్తు కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబర్ ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబర్ కొడితే కంపెనీ పేరు, వస్తువు పేరు వస్తాయి. మీ చేతిలోని డబ్బా మీదున్న పేరుతో కలవకపోతే కొనకండి. ఫిర్యాదు కూడా అదే యాప్‌లో చేయొచ్చు.

3. ఆన్‌లైన్ ఆర్డరు ఎవరి పేరున ఉందో గుర్తుంచుకోండి. చాలా ఇళ్లలో బాబాయి అకౌంట్ నుంచి తెప్పించుకుంటాం. రీకాల్ మెసేజ్ బాబాయికి వెళ్తుంది. ఆయనకు ముందే ఒక మాట చెప్పి ఉంచండి.

4. పాత వస్తువు తీసుకునే ముందు, ఇచ్చే ముందు వెతకండి. వస్తువు పేరు, మోడల్ నంబర్, పక్కన రీకాల్ అనే మాట టైప్ చేస్తే చాలు. విదేశాల నుంచి వచ్చినవైతే ఓఈసీడీ గ్లోబల్ రీకాల్స్ పోర్టల్‌లో చాలా దేశాల ప్రకటనలు ఒకేచోట దొరుకుతాయి. అమెరికావి సీపీఎస్‌సీ అనే ప్రభుత్వ సంస్థ వెబ్‌సైట్‌లో ఉంటాయి. లేబుల్ చెరిగిపోయి, ఏ కంపెనీదో తెలియని పిల్లల వస్తువును మర్యాదగా వద్దనండి.

5. రీకాల్ అయిందని తెలిస్తే ఆరోజే వాడకం ఆపండి. పిల్లలకు అందకుండా పెట్టి ప్రకటన మొత్తం చదవండి. డబ్బు వాపసుకు వస్తువో, దాని ఫొటోనో అడుగుతారు కాబట్టి తొందరపడి విసిరేయకండి. పవర్ బ్యాంకు లాంటి బ్యాటరీ వస్తువును మామూలు చెత్తబుట్టలో అసలు వేయకండి. 2025 జూన్‌లో అమెరికాలో ఒకే మోడల్ పవర్ బ్యాంకులు 11 లక్షలకు పైగా రీకాల్ అయ్యాయి, నిప్పంటుకునే ప్రమాదం ఉందని. ఆ వస్తువు మీ చేతి నుంచి ఇంకొకరికి వెళ్లి ఉంటే ముందు వాళ్లకు ఫోన్ చేయండి.

6. వస్తువు వల్ల దెబ్బ తగిలినా, తృటిలో తప్పినా ఫిర్యాదు చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915. తెలుగులోనే మాట్లాడొచ్చు. విరిగిన ముక్కలు, బిల్లు దాచి ఉంచండి. ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తేనే చాలా లోపాలు బయటికి వస్తాయి.

నుమాయిష్‌లోనో తిరునాళ్లలోనో ఇరవై రూపాయలకు కొనే బొమ్మకు పేరు, నంబర్ ఏవీ ఉండవు. దాన్ని వెనక్కి పిలిచేవాళ్లు ఎప్పటికీ ఉండరు. కొనవద్దని నేననను, నా చిన్నప్పటి సంతోషాలు కూడా అక్కడివే. ఇంటికి తెచ్చాక లాగి, వంచి, ఊడొచ్చేది ఏమైనా ఉందేమో మీరే చూసి పిల్లలకివ్వండి. మూడేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో అయితే చిన్న భాగాలున్నవి వద్దు.

ఇంకొక మాట, కాస్త ఇబ్బందిగా ఉన్నా రాస్తున్నాను. ప్రమాదమని తెలిసిన వస్తువును మన పిల్లలకు దూరం చేసి, "పనమ్మాయి పిల్లలు ఆడుకుంటారులే" అని ఇచ్చేయడం నేను చూశాను. వాళ్లు కాదనలేరు, సంతోషంగా తీసుకెళ్తారు. వాళ్ల ఇంట్లోనూ నోట్లో పెట్టుకునే వయసు బిడ్డ ఉండొచ్చు. మన బిడ్డకు ప్రమాదమైనది ఏ బిడ్డకూ ఇవ్వకండి.

ఈ ఆదివారం పిల్లలతో

ఈ నెల మూడు నుంచి ఏడో తరగతి వరకు ఇంగ్లిష్ హోంవర్క్ "లేబుల్ వేట". పిల్లలు ఇంట్లో ఐదు వస్తువులు ఎంచుకోవాలి. ఒకటి వంటింటిది, ఒకటి కరెంటుది, ఒకటి బ్యాటరీది, ఒకటి ఆడుకునేది, ఒకటి ఎవరి నుంచైనా వచ్చింది. ప్రతిదాని మీద కంపెనీ పేరు, మోడల్ నంబర్, ఐఎస్‌ఐ గుర్తు, వయసు హెచ్చరిక ఉన్నాయో లేదో నోట్‌బుక్‌లో పట్టిక గీసి రాయాలి. ఐదో వస్తువు దగ్గర మాత్రం అదనంగా ఒక కాలమ్ ఉంటుంది: "ఇది మన ఇంటికి రాకముందు ఎవరి ఇంట్లో ఉంది?" కుక్కర్, మిక్సీ, ప్లగ్గులు పిల్లలు తాకకుండా మీరే తిప్పి చూపించండి. సన్నటి అక్షరాలు చదవడం మాత్రం వాళ్లకే వదిలేయండి. మనకంటే వాళ్ల కళ్లే చురుకు.

ఆ పాప అడిగిన ప్రశ్నకు నేను చెప్పగలిగిన జవాబు ఇది. బొమ్మకు ఆర్టీఏ ఆఫీసు లేదు. అది ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో మన ఇళ్లలోవాళ్లకే తెలుసు. అందుకే కబురు అందినవాళ్లు వస్తువు ఉన్నవాళ్లకు చెప్పాలి. మా వదిన ఇప్పటికీ ఆ నాలుగో అయస్కాంతాన్ని బీరువా మీదే, పిల్లవాడికి అందనంత ఎత్తులో అతికించి ఉంచింది. ఎవరైనా పాత బొమ్మల సంచీ తీసుకొస్తే ముందు అటు చూస్తుంది. తర్వాత ఫోన్ తీసి, బొమ్మ వెనక నంబర్ వెతుకుతుంది.

మీ పిల్లల పట్టికల కోసం ఎదురుచూస్తూ,

మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్